సముద్రంతో మాటల్లేవు

ఆ రోజుల్లో మనిషికి గొప్పతనం రావడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు, మెడలో ఒక గుడ్డసంచీ పడితే చాలు. నాకు ఇరవై మూడో ఏట అలాంటి సంచీ ఒకటి పడింది. మూడు రోజులు ఉంది. ఆ మూడు రోజుల్లో నేను వెలగబెట్టిన పెత్తనం సంగతి చెబితే మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఎందుకంటే నేను వాళ్ళకి ఎప్పుడూ సగమే చెప్పాను.

అరవైల మొదట్లో మాట. నెల్లూరులో ట్రైనింగు ముగించుకుని, ఇందుకూరుపేట అవతల సముద్రపు ఒడ్డున ఉన్న మా అమ్మ పుట్టిన ఊరికి బడి అయివారుగా వెళ్ళాను. మేనమామ ఇంట్లోనే మకాం. ముప్పై ఇళ్ళ క్రైస్తవ పేట, ఒక బడి, ఒక గుడి. గుడి ముందు పలక మీద 'ప్రెస్బిటేరియన్ సంఘము' అని రాసి ఉండేది. ఆ మాట ఎవరికీ నోరు తిరగక 'పిట్టల గుడి' అనేవారు (లోపల వాసాల మీద పిచ్చుకలు కూడా కాపురం ఉండేవి గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు). ఆ గుడిలో హార్మోనియం, తబలా ఏవీ ఉండవు. ఒకడు లేచి నిలబడి కీర్తన ఎత్తాలి, తక్కినవాళ్ళు అందుకోవాలి. చదువుకున్నవాణ్ణని ఎత్తే పని నాకిచ్చారు.

అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఏడాదికి రెండుసార్లే నెల్లూరునుంచి వచ్చి ప్రభువు భోజనం (రొట్టే, ద్రాక్షరసమూ) ఇచ్చేవారు. మావాళ్ళు దాన్ని 'బల్ల' అంటారు. వానలకు ముందొక బల్ల, కోతలయ్యాక ఎండాకాలంలో ఒక బల్ల. మా ఊరికి అవే పండగలు, అవే రుతువులు. బల్లకు ముందు శుక్రవారంనాడు సంఘపెద్ద ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరికీ ఒక సీసం బిళ్ళ ఇస్తాడు. ఎప్పటి దొరలో పోతపోయించిన బిళ్ళలు, బొటనవేలి గోరంత ఉంటాయి. ఆదివారం గుమ్మం దగ్గర ఆ బిళ్ళ తిరిగి ఇచ్చినవాళ్ళే బల్ల దగ్గరికి రావాలి. బిళ్ళ ఇచ్చేముందు పెద్ద ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు: "ఎవరితో అయినా మాటల్లేకుండా ఉండావా?" ఉండానంటే బిళ్ళ లేదు.

ఈ ప్రశ్న పుణ్యాన ఆ శుక్రవారం పొద్దున పేట పేటంతా సంతలా ఉండేది. ఆరునెలలుగా మొహాలు చూసుకోని తోడికోడళ్ళు దడికి అటూ ఇటూ నిలబడి, "ఏం కూరక్కా?" "వంకాయ." "మంచిది" అనుకునేవాళ్ళు. ఆ మూడు ముక్కలతో మాటలు ఉన్నట్టే లెక్క. మంగళవారానికి మళ్ళీ ఎవరి మొహాలు వాళ్ళవి.

మా సంఘపెద్ద మామే. ఆ ఏడు వానలకు ముందు బల్ల దగ్గరపడేసరికి మామకు తొడమీద సెగగడ్డ లేచింది. మంచం మీద బోర్లా పడుకుని బిళ్ళల సంచీ నా చేతికిచ్చాడు.

"ఒరే అబ్బయ్యా, నువ్వు ఎక్కువ మాట్లాడబాక. ప్రశ్న అడుగు, బిళ్ళియ్యి, వచ్చేయి. అర్థమయిందా?"

అర్థం కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఎండలో కోటు తొడుక్కున్నాను (మామ పెళ్ళినాటిది, చేతులు మోచేతులు దాటి రాలేదు). గొడుగు పట్టాను. ప్రతి ఇంటి ముందూ గొంతు సవరించుకున్నాను. ఒక కుక్క నన్ను చివరిదాకా వదలకుండా వెంట తిరిగింది, అదీ నా గొప్పతనంలో భాగమే అనుకున్నాను.

ఇక్కడ చాపలవ్వ గురించి చెప్పాలి. మా వైపు చేపని కూడా చాప అనే అంటారు గనుక కొత్తవాళ్ళు ఆమె చేపలమ్ముతుందనుకునేవారు. కాదు, ఈతాకు చాపలు అల్లేది. చేపంటే ఆమెకు పడదు. ఒక్కగానొక్క కొడుకు వేటకు పోయి తిరిగి రాలేదు. ఆ తర్వాత గుడిసె వాకిలి పడమరకు తిప్పించుకుంది, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని అల్లుకునేది. సముద్రపు చేప ముట్టదు. కోడలు పెట్టింది తింటూ, నోటికొచ్చింది అంటూ బతికేది.

ఆ నోటికొచ్చింది రెండు నెలల కిందట నామీద పడింది. ఒక ఆదివారం నేను కీర్తన ఎత్తాను. ఎంత పైకి ఎత్తానంటే రెండో చరణానికి ఆడవాళ్ళు ఆగిపోయారు, మూడో చరణానికి మగవాళ్ళు ఆగిపోయారు, నేనొక్కణ్ణే కళ్ళు మూసుకుని పాడుతున్నాను. అప్పుడు వెనకనుంచి అవ్వ నిదానంగా, గుడంతా వినబడేలాగా అంది:

"అయివోరా, టెంకాయ చెట్టు దిగయ్యా. పడతావు."

పిచ్చుకలు లేచిపోయాయి, అంత నవ్వు. మామ కూడా నవ్వాడు. ఆ రోజునుంచి నేను 'టెంకాయ అయివోరు'. బళ్ళో పిల్లలు నన్ను చూసి మెడలు పైకెత్తేవాళ్ళు. నేను అవ్వతో మాట్లాడడం మానేశాను. ఎదురొస్తే గొడుగు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

అలాంటివాణ్ణి సంచీ తగిలించుకుని ఆమె గుడిసె ముందు నిలబడ్డాను.

"ఎవరితో అయినా మాటల్లేకుండా ఉండావా అవ్వా?"

అల్లిక ఆపకుండా అంది. "ఉండానయ్యా. సముద్రంతో నాకు మాటల్లేవు."

మామ ప్రతిసారీ ఆమెను ఈ ప్రశ్న అడుగుతాడనీ, ప్రతిసారీ ఆమె ఇదే మాట చెబుతుందనీ, ఆయన "సరేలే అక్కా" అని నవ్వి బిళ్ళ చేతిలో పెడతాడనీ నాకు తెలియదు. తెలిసినా ఏం చేసేవాణ్ణో ఇప్పుడు చెప్పలేను. చేతికి చిక్కింది గదా అనిపించింది, అంతే.

"అయితే బిళ్ళ లేదు" అన్నాను.

అల్లిక ఆగింది. "ఏందీ?"

"సముద్రాన్ని చేసింది ఎవరు? ప్రభువు. దానితో మాటల్లేవంటే చేసినవాడితో మాటల్లేనట్టే. రూలు రూలే."

అవ్వ నా మొహంలోకి చాలాసేపు చూసింది. హాస్యమాడుతున్నానేమోనని చూసిందనుకుంటాను. "నా కొడుకును మింగిందయ్యా అది" అంది.

"మాట్లాడుకుని రా, ఇస్తాను" అన్నాను. ఆ మాట నాకు చాలా తెలివిగా తోచింది. దారిపొడుగునా దాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పుకుని మురిశాను.

ఇంటికొస్తే మామ బోర్లా పడుకునే అడిగాడు. "అందరికీ ఇచ్చినావా?"

"చాపలవ్వకు తప్ప. ఆమెకు మాటల్లేవంట మామా."

"ఎవరితో?"

"పెద్దవాళ్ళతోలే" అన్నాను. మామకు గడ్డ సలపరం, ఇంకేం అడగలేదు.

ఆదివారం గుమ్మం దగ్గర బిళ్ళలు వసూలు చేసుకుంటూ నేనే నిలబడ్డాను. అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఖాళీ చేతులు చూపించి లోపలికెళ్ళి గోడవార కూర్చుంది. అందరూ బల్ల దగ్గరికి వెళ్ళారు, ఆమె కదల్లేదు. అయ్యగారు ఆ ఏడే కొత్తగా వచ్చినవారు, ఎవరెవరో ఆయనకు తెలియదు. నేను కీర్తన ఎత్తాను. మళ్ళీ అంత పైకే. మళ్ళీ అందరూ ఒక్కొక్కరే ఆగిపోయారు. మళ్ళీ నేనొక్కణ్ణే మిగిలాను. దిగమని ఎవరూ అనలేదు. ఆ మాట అనే ఒక్క మనిషీ కొంగు తలమీదికి లాక్కుని నేల చూస్తూ కూర్చుంది. రొట్టె నోట్లో పెట్టుకుంటే ఇసక నమిలినట్టుంది. అయినా మింగాను.

సోమవారం అయ్యగారు బండెక్కి వెళ్ళిపోయారు. మంగళవారం పొద్దున బడికి వెళ్ళబోతుంటే అవ్వ ఎదురొచ్చింది. చీర మోకాళ్ళదాకా తడిసి కాళ్ళకు అంటుకుపోయి ఉంది.

"మాట్లాడినానయ్యా" అంది.

"ఎవరితో?"

"దాంతోనే. అదేం పలకలా. నేనే అడగాల్సినవన్నీ అడిగినా, తిట్టాల్సినవన్నీ తిట్టినా. ఆఖర్న సరే పో అన్నా. ఇంక బిళ్ళియ్యి."

తప్పయిందవ్వా అంటే సరిపోయేది. అది రాలేదు నోటికి. మెడలో సంచీ లేదుగాని గొంతులో ఇంకా ఉంది.

"బల్ల అయిపోయింది గదా అవ్వా. ఎండాకాలం బల్లకు ఇస్తాలే. అందాకా మాటలు నిలబెట్టుకో."

"అట్టాగేలే" అని వెళ్ళిపోయింది.

ఆ ఏడు వానలు ఆగలేదు. ఉప్పుకాలవ పొంగి నెల్లూరు దారి తెగింది. బడి కప్పు కారి, పిల్లలు రాక, నేను మామ అరుగుమీద కూర్చుని వాన చూస్తుండేవాణ్ణి. ఆ వానల్లోనే ఒక మధ్యాహ్నం చాపలవ్వ పోయిందని కబురొచ్చింది. అయ్యగారు రాలేరు గనుక మామే కుంటుకుంటూ వెళ్ళి ప్రార్థన చేశాడు. ఆమె అల్లిన చాపలోనే చుట్టి, వానలోనే పూడ్చి వచ్చాం.

గుడిసె దగ్గర కోడలు మామతో చెప్పుకుని ఏడ్చింది. "వద్దత్తా అంటే ఇంటేనా? దినామూ నీళ్ళ దాకా పోయి ఏందో మాట్లాడొచ్చేది. వాన పడతా ఉన్నా పోయేది. ఎండాకాలం బల్ల దాకా మాటలు తెగకూడదంట. అయివోరు చెప్పినాడంట. తడిసి తడిసి జొరమొచ్చె."

మామ నావైపు చూడలేదు. ఇంటికి వచ్చి తల తుడుచుకున్నాక అడిగాడు.

"ఆ దినం అవ్వకు ఎవరితో మాటల్లేవని అన్నావురా?"

"సముద్రంతో మామా."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మరి నీకు? ఆ దినం అవ్వతో నీకు మాటలుండాయా?"

సంచీ మోసేవాణ్ణి ఆ ప్రశ్న అడగాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు. మామ లేచి సంచీలోంచి ఒక బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది ఆమెది. నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. అంతే, ఆయన బతికున్నంత కాలం మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. సంఘపెద్దని నేనే. బిళ్ళలు ఎప్పుడో పోయాయి, గుడిలో కరెంటు వాద్యాలు వచ్చాయి, పిచ్చుకలు లేవు. ఆ బిళ్ళ మాత్రం నా చొక్కా జేబులో ఉంటుంది. అరిగి అరిగి నున్నగా అయింది. కోటూ, గొడుగూ, కుక్కా ఉన్న కథ పిల్లలకు చెబుతాను, పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మంగళవారం దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు వస్తుంది.

మొన్న ఎండాకాలం బల్లకు కరెంటు పోయింది. పాత పద్ధతిలో కీర్తన ఎత్తమని నన్నే లేపారు. ఎత్తాను. వెనకనుంచి మా మనవరాలు గుడంతా వినబడేలాగా అంది. "తాతా, బావిలోంచి పాడినట్టుంది. కాస్త పైకెత్తు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గొంతులోనే అంతా అందుకుని చివరి చరణం దాకా పాడారు, ఒక్కరూ ఆగలేదు. కిటికీలోంచి సముద్రం వినబడుతూనే ఉంది. జేబుమీద చెయ్యి పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా నాలో నేను అనుకున్నాను: దిగినానవ్వా.