మిద్దె మీది రాతిపన్ను

ఎమ్మిగనూరులో మా పాత మట్టిమిద్దెను పడగొడుతుంటే, కప్పు మీద పరిచిన చౌడుమట్టి పొరల్లోంచి పిడికెడంత రాతిపన్ను బయటపడింది. చూడగానే గుర్తుపట్టాను.

నాకప్పుడు ఏడేళ్లు. మా బావి తవ్వుతున్న హుసేనన్నకు నల్లరేగడి కింద, పాత ఏటి ఇసుకలో అది దొరికింది. "ఏనాటి జంతువుదో అప్పా, రాయైపోయినాది. బడి అయ్యవారికి సూపిద్దాం," అన్నాడు. నాన్న దాన్ని గూట్లో పెట్టాడు.

ఆ రోజే నా పాలపన్ను ఊడింది. పేడలో చుట్టి మిద్దెమీదికి విసిరితే కొత్తది మొలుస్తుందంది అవ్వ. పాపం, ఆ జంతువుకూ మొలవాలని దాని పన్నునూ అలాగే విసిరాను. మరునాడే, వానలొస్తాయని మిద్దెపై కొత్త చౌడు పరిచారు.

"యాడ అమ్ముకుంటివి హుసేనూ?" అని, గూట్లో పన్ను కనపడక నాన్న నిలదీశాడు.

"నేను ముట్టలేదప్పా."

నేను పన్నూడిన నోటిని చేత్తో మూసుకున్నాను. హుసేనన్న పార తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. నాకు మాత్రం ఆ నెలలోనే కొత్త పన్ను మొలిచింది.