రెండు చేతుల్లో టీ మగ్గు

ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్ ఆఫీసులో నాకు పని నేర్పిన అక్క పోయింది. ఆమె కూతురు ఫోన్ చేసి "అంకుల్, అమ్మ..." అని ఆగిపోతే మిగతాది అర్థమైంది. రిటైరై ఏడాది కూడా కాలేదు. నాకు ముందు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు.

మా సర్వర్ల టీమ్‌కి ఆమె లీడ్. కడప మనిషి. మేడమ్ అంటే పలికేది కాదు, అక్కా అంటేనే తిరిగి చూసేది. ఏ సర్వర్ మొరాయించినా ముందు కిచెన్‌కెళ్లి టీ పెట్టుకొచ్చి, మగ్గు రెండు చేతులతో పట్టుకుని స్క్రీన్ ముందు కూర్చునేది. ఎందుకక్కా అంటే, "చేతులు ఖాళీగా ఉంటే ఊరికే ఉండవు నాయనా. ముందు కండ్లతో చూడు, మళ్ల ముట్టుకుందువు" అనేది. తాగేది సగమే, మిగతా సగం చల్లారిపోయేది.

నేనింకా ప్రొబేషన్‌లో ఉండగా, ఒక సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరికీ లాగిన్ కాలేదు. అందరి పేర్లూ పాస్‌వర్డులూ ఉండే డైరెక్టరీ సర్వర్‌ని ఆ పొద్దునే రీస్టార్ట్ చేసింది నేను. "ఏం ముట్టుకున్నావ్?" అని మేనేజర్ అందరి ముందూ అడిగాడు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి.

అక్క మగ్గుతో వచ్చి కూర్చుని, నా చేత సెట్టింగ్స్ తెరిపించింది. ఏ పేరుగల మెషీన్ ఎక్కడుందో చెప్పే డీఎన్ఎస్ ఆ సర్వర్‌లోనే ఉంది. అయినా అది తన దగ్గర చూసుకోకుండా బయటి ఇంటర్నెట్ కంపెనీని అడుగుతోంది.

"చూడు నాయనా, మనింట్లో ఎవరెక్కడ పండుకున్యారో వీధిలో పోయేటోళ్లని అడుగుతాండాది. వాళ్లకేం తెలుసు?" అని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. ఆ బయటి అడ్రస్ పెట్టింది తనే. శుక్రవారం ఏదో టెస్ట్ కోసం మార్చి, తీసెయ్యడం మర్చిపోయింది. రీస్టార్ట్ అయ్యేదాకా దాని ప్రభావం బయటపడలేదు.

ఆ గదిలో ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. ఆమె ఊరుకుంటే తప్పు నా మీదే ఉండిపోయేది. అక్క మేనేజర్ వైపు తిరిగి, "ఇది నా తప్పు. ఈ అబ్బాయిది ఏం లేదు" అని ఇంగ్లీషులో తాపీగా చెప్పింది. తర్వాత మగ్గు పక్కన పెట్టి, ఆ బయటి అడ్రస్ తీసేసి సర్వర్ సొంత అడ్రస్ పెట్టింది. కాసేపటికి లాగిన్లు మొదలయ్యాయి. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం మా పాపని ఎత్తుకున్నప్పుడల్లా తలుచుకునేవాణ్ణి.

నిన్న అక్కని ఇంటికి తీసుకొచ్చారు. కడపలో ఉన్న ఆమె చెల్లెలు వీడియోలో చివరిచూపు కోసం కాచుకుని ఉంది. సరిగ్గా అప్పుడే వైఫై పోయింది. అందరూ నా వైపు చూశారు. కంగారుగా రౌటర్ మీద చెయ్యి వెయ్యబోయాను.

"వెయిట్, అంకుల్" అంది అక్క కూతురు. కిచెన్‌లోకెళ్లి టీ తెచ్చింది, వాళ్లమ్మ మగ్గులోనే. "మమ్ ఆల్వేస్ సెడ్, హోల్డ్ దిస్ ఫస్ట్."

రెండు చేతులతో పట్టుకున్నాను. రౌటర్ లైట్లు మసగ్గా కనిపిస్తున్నాయి. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.