శుక్రవారం కదలని సొమ్ము

2008లో నన్ను మా బ్యాంకు మదనపల్లె శాఖకు మేనేజరుగా వేశారు. అంతకుముందు తొంభైలలో కుప్పంలో గుమాస్తాగా, తర్వాత పుంగనూరులో ఆఫీసరుగా పనిచేశాను. కుప్పంలో ఉన్న రోజుల్లో డబ్బు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే తంతి కొట్టి, రహస్య సంకేతం సరిచూసి, లెడ్జరులో ఎక్కించేవాళ్లం. మదనపల్లెకు వచ్చేసరికి అదంతా కలలాగా అయిపోయింది. కొండల మీది మంచు విడవకముందే ఎవరో ఏ దేశంలోనో చీర నచ్చి మీట నొక్కితే, ఆ సొమ్ము చప్పుడు లేకుండా వచ్చి మా కంప్యూటరు తెర మీద కూర్చునేది. నేను పని మరిచి దాన్నే చూస్తూ ఉండిపోయేవాణ్ని. సిబ్బంది నవ్వుకునేవాళ్లు.

నాగరత్నమ్మ నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే మనిషి. ఇరవై ఏళ్లు ఒక షావుకారు మగ్గం మీద కూలికి నేసి, చివరికి సొంత మగ్గం పెట్టుకుని, చీరలు ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టింది. కొన్నవాళ్ల డబ్బు ముందు ఆమె ఆన్‌లైన్ ఖాతాలో పడేది. అక్కడి నుంచి బ్యాంకుకు తెచ్చుకోవాలంటే ప్రతిసారీ నెట్ సెంటరుకు పోయి కూర్చోవాలి. ఆ తిరుగుడు తప్పిద్దామని ఒక సాయంత్రం నేనే వెంట వెళ్లాను. ఆమె పాస్‌వర్డ్ కొడుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడ్డాను. వారానికోసారి సొమ్ము దానంతటదే బ్యాంకుకు బదిలీ అయ్యే ఏర్పాటు ఉంది. ఏ రోజు అని కంప్యూటరు అడిగింది. శుక్రవారం బయల్దేరితే వారం మొదట్లో చేరుతుంది కదా అని శుక్రవారం పెట్టించేశాను. ఆమె ఏదో అనబోయేలోపే నేను బయల్దేరాను.

నెల తిరక్కుండానే ఒక శనివారం పొద్దున ఆమె రాసిన చెక్కు క్లియరింగులో వచ్చింది. పట్టునూలు అంగడికి ఆమె ఇచ్చిన తొలి చెక్కు అది. ఖాతాలో చాలినంత లేదు. చెక్కు తిరిగిపోతే ఆ అంగడిలో ఆమెకు ఇంక నూలు పుట్టదు, మళ్లీ షావుకారు మగ్గం ఎక్కాల్సిందే. కబురు పంపాను. కొంగుకు జరీ పోగు అంటుకునే ఉండగా వచ్చి నిలబడింది.

"రెండు వారాలుగా ఆ దుడ్డు నేనే నిలిపేసినాను సార్," అంది. "శుక్కురవారం పొద్దున దీపం పెట్టి, ఆ పొద్దే లచ్చిమిని బయటికి పంపిస్తే యట్ల? సోమవారం పంపిద్దామనుకొంటి. నెట్ సెంటరోళ్లు పెండ్లికని తాళమేసి పోయినారు."

"అది బయటికి పోయేది కాదు గదమ్మా. నీ బ్యాంకు ఖాతాలోకే వస్తాండాది," అన్నాను.

"ఆడుండేదీ నా పేరు మీదనే గదా సార్. యాడికి పోయినా, బయల్దేరింది బయల్దేరిందే."

మా అమ్మ శుక్రవారం పూట పక్కింటికి చిల్లర కూడా ఇచ్చేది కాదు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని, తెర ముందు కూర్చోగానే అదంతా మరిచిపోయాను. సిగ్గేసింది.

ఖాతాలో డబ్బు చాలకపోయినా చెక్కు పాస్ చేసే అధికారం మేనేజరుకు కొంత పరిమితి వరకే ఉంటుంది. దాన్ని తాత్కాలిక ఓవర్‌డ్రాఫ్టు అంటారు. ఇచ్చిన ప్రతిసారీ కారణం రాసి రీజినల్ ఆఫీసుకు పంపాలి. చెక్కు పాస్ చేశాను. కారణం గడిలో, బదిలీ రోజును ఖాతాదారును అడగకుండా మేనేజరే నిర్ణయించినందువల్ల అని రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చుకున్నాను.

నెట్ సెంటరు తెరిచాక నాగరత్నమ్మ బదిలీని బుధవారానికి మార్చుకుంది, ఈసారి తన చేత్తోనే. సొమ్ము వచ్చి ఓవర్‌డ్రాఫ్టు తీరిపోయింది. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ వీధిలో నడుస్తుంటే, అన్ని మగ్గాల చప్పుళ్లలోనూ ఆమె మగ్గం వేరుగా వినబడుతున్నట్టు అనిపించింది. నా భ్రమే కావచ్చు. అయినా ప్రాణం హాయిగా ఉండింది.

ఏ రోజు అని కంప్యూటరు అడిగింది ఆమెను. జవాబు చెప్పింది నేను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఫారంలోనైనా రోజు రాయాల్సిన గడి వచ్చేసరికి ఆగి, కలం ఖాతాదారు చేతికి ఇచ్చేవాణ్ని.