దిబ్బ మీద చేపలు తీసేసిన రోజు

ఖాళీ స్థలం అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. చీరాల బస్టాండులో నిలబడి ప్లాట్ల బోర్డు చదువుతున్నా సరే, ఆ మాట కనపడితే మొహం తిప్పేసుకుంటాను. మా ఆయన నవ్వుతాడు. "బోర్డు నిన్నేం చేసిందే?" అంటాడు. బోర్డు నన్నేం చెయ్యలేదు. ఆ మాట చేసిందేదో మా అత్తని చేసింది.

నేను పుట్టింది సముద్రం ఎరగని ఊళ్ళో. మార్టూరు అవతల, ఎటు చూసినా మిరపచేలే. మావాళ్ళు చెరువులో చేపలు పట్టేవాళ్ళు, చెరువు అడుగంటితే మిరప కోతలకి పోయేవాళ్ళు. చీరాలకి తూర్పున ఉన్న ఈ పడవల ఊరికి నన్నిచ్చినప్పుడు మొదట్లో నాకు అన్నం సహించేది కాదు. ఎక్కడ కూర్చున్నా ఎండు చేపల వాసన. మా అత్త అది కనిపెట్టింది. "మీ కళ్ళంలో మిరగాయల ఘాటుకి తుమ్ముకుంటా తిన్లా నువ్వు? ఇదీ అంతేనమ్మాయ్. అలవాటైతే ముక్కుకి తెలవదు" అంది. ఆవిడ చెప్పినట్టే అయింది.

చేపలు ఎండేసే చోటుని మేం దిబ్బ అంటాం. ఊరికీ సముద్రానికీ మధ్య, సరుగుడు తోటకి ఇవతల, కాస్త ఎత్తుగా ఉండే ఇసక మేట అది. గాలి బాగా తగులుతుంది, నీటి తుంపర రాదు, వాన పడినా ఇసక వెంటనే పీల్చేసుకుంటుంది. దానికి పట్టా లేదు, కంచె లేదు. ఎవరి చోటు ఎవరిదో ఆడవాళ్ళకి తెలుసు. అత్త చచ్చిపోతే ఆ చోటు కోడలికి వస్తుంది, అంతే. పొద్దున్నే పాత వలలు పరిచి నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు ఆరబోస్తాం. మధ్యాహ్నం తిరగేస్తాం. మంచు దిగకముందే ఎత్తేస్తాం. ఎండినవి నేను బస్సులో వేసుకుని మార్టూరు, ఒక్కోసారి వినుకొండ దాకా తీసుకుపోయి అమ్మేదాన్ని. మిరప కోతల కాలంలో కూలోళ్ళకి మా నెత్తళ్ళు లేకపోతే ముద్ద దిగదు.

మా అత్త సంగతి చెప్పాలి. ఆవిడ నోటికి జడవని మనిషి మా తీరంలో లేడు. ఒకసారి బస్సులో కండక్టరు, గంప దించెయ్యి, వాసన అన్నాడు. "మీ ఇంట్లో పప్పులోకి నంజుకునేది ఆకాశంలోంచి పడిందంట్రా? నీ పెళ్ళాన్ని అడుగు, మొన్న సంతలో నా దగ్గరే కొన్నది!" అని బస్సంతా వినపడేలా అరిచింది. వాడి పెళ్ళాన్ని ఈవిడ ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. అయినా వాడు టిక్కెట్టు కొట్టి నోరు మూసుకున్నాడు.

ఇలా ఉండగా, మా తీరానికి ఒక ప్రణాళిక వేస్తున్నారని కబురొచ్చింది. ఈసారి ఆఫీసుల్లో కూర్చుని గీయరట. ఊరివాళ్ళనీ, రిసార్టుల వాళ్ళనీ, ఐసు ఫ్యాక్టరీ ఆయన్నీ, ఆటోవాళ్ళనీ, అందరినీ కూర్చోబెట్టి, రాబోయే రోజుల్లో ఈ ఊరు ఎలా ఉండాలో అడిగి గీస్తారట. నిజం చెప్పొద్దూ, నాకు భలే సంతోషం వేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఇక్కడ పెట్టేవాళ్ళే వచ్చి ఏం కావాలని అడుగుతున్నారు. మీటింగు ఎక్కడ పెట్టుకుందామంటే ఊరి పెద్ద, వరసకి మాకు మామ, దిబ్బ మీద అన్నాడు. అంతమంది పట్టే చోటు ఊళ్ళో అదొక్కటే.

ఆ మాట వినగానే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. చుట్టాలొస్తుంటే ఇల్లు అలుక్కోమా? హైదరాబాదు నించీ, విజయవాడ నించీ పెద్ద చదువుల వాళ్ళు వస్తున్నారు. వాళ్ళు వచ్చి చేపల మధ్యన ముక్కు మూసుకుని కూర్చుంటే పరువేం కావాలి? ముందురోజే దిబ్బ మీద చేపలన్నీ ఎత్తేశాం. సగం ఎండినవి కూడా. వలలు, గంపలు, తాటాకు చాపలు, కాకుల్ని తోలే కర్రలతో సహా అన్నీ పడవల షెడ్డులో పడేసి పైన టార్పాలిన్ పట్టా కప్పేశాం. అత్త దగ్గరుండి ఊడిపించింది. ఒక్క పొలుసు కనపడితే ఊరుకోలేదు. "ఏమే, కళ్ళు నెత్తికెక్కినియ్యా? అద్గో, ఆడ తోక!" అని అరుస్తూ దిబ్బంతా తిరిగింది. తెల్లారి కళ్ళాపి చల్లి ముగ్గేశాం. ఇసకలో ముగ్గు నిలుస్తుందా? అయినా వేశాం. షామియానా కింద సాంబ్రాణి పొగ కూడా పెట్టాం.

వచ్చారు. ప్రణాళిక గీసే మేడంగారు చిన్నమ్మాయి, కాటన్ చీర కట్టుకుంది, చెప్పులు విప్పి ఇసకలోకి నడిచింది. చుట్టూ చూసి, "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందండీ! ఇంత చక్కటి బీచ్ నేనెక్కడా చూడలేదు" అంది. పక్కనున్న అబ్బాయి ఫోటోలు తీశాడు. మా మామ మీసం మీద చెయ్యేసుకున్నాడు. మా అత్త నా డొక్కలో మోచేత్తో పొడిచి, "విన్నావా?" అంది. ఆవిడ మొహం అంతగా వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు.

మేడంగారు బల్లమీద పెద్ద మ్యాపు పరిచి రంగు చీటీలు ఇచ్చింది. మీరు ఏ చోటు వాడుకుంటున్నారో అక్కడ పచ్చది అంటించండి, ఇబ్బంది ఉన్నచోట ఎర్రది, కొత్తగా కావాల్సిన చోట పసుపుది అని విడమరిచి చెప్పింది. మా పద్ధతిలో పైవాళ్ళ ముందు ఊరి తరఫున పెద్దే మాట్లాడాలి, పెద్దే చెయ్యి పెట్టాలి. మిగతావాళ్ళు వెనకనించి అందిస్తారు. రోడ్డుకి ఎర్రది పెట్టాడు. మంచినీళ్ళకి ఎర్రది. పడవలు ఆగే చోట పచ్చది. జెట్టీ కావాలని పసుపుది. రిసార్టువాళ్ళు వాళ్ళ చీటీలు వాళ్ళు పెట్టుకున్నారు. నేను వెనకనించి, "మామా, దిబ్బకి కూడా ఒక పచ్చది పెట్టు" అన్నాను.

"మనం కూచుందే దిబ్బమీద గదమ్మాయ్! వాళ్ళకి కనపడట్లా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దానితో సరిపోయింది. మధ్యాహ్నం వంజరం వేపుడుతో అందరికీ భోజనాలు పెట్టాం. మేడంగారు మా అత్త రెండు చేతులూ పట్టుకుని మరీ బండెక్కింది.

ఆ సాయంత్రం షెడ్డులో పట్టా తీస్తే సగం చేపలు పురుగు పట్టి ఉన్నాయి. పోతే పోనీ, ఊరి పేరు నిలబడింది అని అత్త వాటిని ఎత్తి పారబోసింది.

వానాకాలం పోయాక పంచాయతీ ఆఫీసు గోడకి ప్రణాళిక ముసాయిదా అంటించారు, అభ్యంతరాలుంటే చెప్పమని. నేనూ అత్తా వెళ్ళాం. ఆవిడకి చదువు రాదు, నన్ను చదవమంది. జెట్టీ ఉంది. రోడ్డు ఉంది. మంచినీళ్ళ ట్యాంకు ఉంది. దిబ్బ ఉన్నచోట 'ప్రస్తుతం: ఖాళీ స్థలం' అని ఉంది. దాని కిందే కార్ల పార్కింగు, పిల్లల ఆటస్థలం, తినుబండారాల అంగళ్ళు అని ఉంది. నేను రెండుసార్లు చదువుకున్నాను. "ఏంది, మూగదానివైపొయ్యావ్? పైకి చదువు" అంది అత్త. చదివాను. ఆవిడ గోడ మీది కాయితానికి వేలు ఆనించి, "ఖాళీ ఏంది? మనం ఉంటే ఖాళీ ఏంది?" అంది.

మేడంగారిని వెతుక్కుంటూ చీరాల వెళ్ళాం. పాపం ఆ పిల్ల చెడ్డది కాదు. అదే నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించింది, కంప్యూటరు మా వైపు తిప్పింది. అందులో మా దిబ్బ. తెల్లగా, నున్నగా, ఒక్క చేప లేదు, ఒక్క వల లేదు. "మీరే చూడండి మామ్మగారూ. ఆ రోజు మేం చూసింది ఇదే కదా. మ్యాపు మీద కూడా ఎవరూ పచ్చ చీటీ పెట్టలేదు. వాడుకలో లేదనే రాసుకున్నాం" అంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను, మీరొస్తున్నారని తీసేశాం తల్లీ అని. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో, మాకోసమా? ఎందుకు తీశారండీ? మేం చూడ్డానికి వచ్చిందే అది!" అంది.

ఎందుకు తీశామా? మీ ఇంటికి ఎవరైనా వస్తే మీరు విప్పేసిన బట్టలు గుమ్మంలో ఉంచుతారా తల్లీ అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగి ఏం లాభం? మళ్ళీ మీటింగు పెట్టిస్తాను, అక్కడ మీ పెద్దలు ఇదే మాట చెప్తే మార్చడానికి వీలుంటుంది అని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా.

ఆ మీటింగు చీరాలలో ఏసీ హాల్లో జరిగింది. వెళ్ళేముందు నేను మామ ఇంటికెళ్ళి బతిమాలాను. "ఒక్క మాట మామా. ఆ రోజు చేపలు తీసేశాం, అది ఖాళీ స్థలం కాదు, ఊరికి అన్నం పెట్టే చోటు అని ఒక్క మాట చెప్పు." ఆయన చుట్ట ఆర్పేశాడు. "ఎట్టా చెప్పనమ్మాయ్? మీ కళ్ళు గప్పాం అని నా నోటితో చెప్పమంటావా? ఇంకెప్పుడన్నా మన మాట నమ్ముతారా? జెట్టీ ఇస్తన్నారు, నీళ్ళు ఇస్తన్నారు. అయ్యి కూడా అబద్ధాలే అనుకుంటే? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుద్ది" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నేను లేచి వచ్చేశాను.

హాల్లో ఆయన లేచి, ఊరికి మంచి జరిగితే చాలు, మాకు అభ్యంతరం లేదు అని చెప్పి కూర్చున్నాడు. అత్త నా చెయ్యి గిల్లుతూనే ఉంది. ఇక పద్ధతీ లేదు, పాడూ లేదని నేనే లేచాను. మైకు ఇచ్చారు. చెప్పాను, అన్నీ చెప్పాను. ఒక రిసార్టు ఆయన చాలా మర్యాదగా, "అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మీ పెద్దాయన ఇప్పుడే కదా ఒప్పుకున్నారు? మీ ఊళ్ళో మీకే ఒక మాట లేకపోతే మేమేం చేస్తాం? పైగా ఆ వాసనకి టూరిస్టులు వస్తారా చెప్పండి. రేపు ఉద్యోగాలు వచ్చేది మీ పిల్లలకే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మావాళ్ళు కూడా కొట్టారు. మేడంగారు తలవంచుకుని ఏదో రాసుకుంది. చివరికి మాకు సరుగుడు తోట వెనకాల, రొయ్యల చెరువుల పక్కన వేరే చోటు చూపించారు. అక్కడ గాలి ఆడదు, నేల ఎప్పుడూ చెమ్మే. వేసిన మొదటిసారే కవళ్ళు కుళ్ళిపోయాయి.

తర్వాత పొక్లెయిను వచ్చింది. దిబ్బని చదును చేశారు. నేను ఎవరి మీద అరవాలో తెలియక ఇంట్లో గిన్నెల మీద అరిచాను. మామ మీదా? ఆయన మాకోసమే ఆ మాట అన్నాడు. మేడం మీదా? ఆవిడ మాకోసమే తిరిగింది. ఊడ్చిన ఆడవాళ్ళ మీదా? మర్యాద చెయ్యడం తప్పని ఎవరికి చెప్పను? అందరూ మంచివాళ్ళే, మా చోటు మాత్రం పోయింది. మా ఆయన, "పోనీలేవే, పచ్చి చేపలే అమ్ముకుందాం" అన్నాడు. నెత్తళ్ళు పచ్చివి ఎవరు కొంటారు? వల నిండా పడితే మేత ఫ్యాక్టరీ లారీకి ఎత్తడమే. మనుషులు తినే చేపని కోళ్ళకి పోసే రోజొచ్చిందని అత్త ఆ లారీ దగ్గరికి రావడమే మానేసింది.

ఇప్పుడక్కడ రంగు టైల్సు, ఊయలలు, పెద్ద గేటు ఉన్నాయి. ఆదివారం వస్తే గుంటూరు నించీ నరసరావుపేట నించీ కార్లే కార్లు. బాగానే ఉంటుంది, లేదనను.

మొన్నొక పొద్దున పడవల్లో నెత్తళ్ళు బాగా పడ్డాయి. లారీకి వెయ్యనని అత్త పట్టుబట్టి ఒక గంప ఇంటికి తెచ్చింది. పార్కు గోడ వెంట, తారురోడ్డు అంచున పాత వల పరిచి ఆరబోసింది. నేను పక్కనే కూర్చుని పలచగా సర్దుతున్నాను. కాసేపటికి గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చాడు, మా ఊరివాడు కాదు. "మామ్మా, ఇక్కడ ఎయ్యకూడదు. బస్సులొచ్చే టైమైంది, తీసెయ్యండి" అన్నాడు.

అయిపోయాడ్రా వీడు అనుకున్నాను. నిజానికి నాకు లోలోపల సంతోషమేసింది. ఇన్నాళ్ళ నించీ నేను మింగుకున్నదంతా మా అత్త నోట ఇవాళ వింటానని తలెత్తి చూశాను.

అత్త మెల్లగా లేచి నిలబడింది. చేతులు చీరకి తుడుచుకుంది.

"వాసన వస్తందా బాబూ?" అని అడిగింది. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే వాడికి వినపడక, ఏంటి మామ్మా అన్నాడు. "ఏం లేదులే. తీసేస్తన్నాం, నువ్వేమీ అనుకోబాక" అని వంగి వల అంచు పట్టుకుంది. నేను రెండో వైపు పట్టుకున్నాను. నెత్తళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.