ముందే చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా చర్చిలో పాటలు అయ్యాక, ప్రసంగం మొదలుకాక ముందు సాక్ష్యాలు చెప్పించేవారు. దేవుడు ఎవరింట్లో ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి అందరి ముందూ చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళు లేచేవారు, ఉద్యోగం దొరికినవాళ్ళు లేచేవారు, తప్పిపోయిన మేక దొరికిందని కూడా ఒకావిడ లేచింది. ఏ మేలూ జరగనివాళ్ళు తలొంచుకుని కూర్చునేవారు. వాళ్ళేం చెప్పాలో మాకెవరూ నేర్పలేదు.

మాది వరంగల్ కొత్తవాడ. నాన్నను బాపు అని, నాన్న తల్లిని బాపమ్మ అని పిలిచేవాళ్ళం. బాపు జంపఖానాలు నేసేవాడు. ఇంట్లో సగం చోటు మగ్గానికే పోయేది, మిగతా సగంలో మేము సర్దుకునేవాళ్ళం. బాపమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. నాకు పదేళ్ళప్పుడు బాపుకు దగ్గు పట్టుకుంది. నూలు దుమ్ముకు మా వాడలో దగ్గనివాడే లేడు కనుక మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పోనుపోను మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోకి దిగితే ఎవరో ఒకరు చెయ్యందిస్తే తప్ప పైకి రాలేని స్థితికి వచ్చాడు. సోమవారం పెద్ద దవాఖానకు తీసుకుపోదామని, పరకాల నుంచి మా మేనమామను రమ్మని కబురు చేశారు.

ఆ ముందు రోజు ఆదివారం. సంఘపెద్ద ఒకాయన లేచి, మేలు జరిగాక కృతజ్ఞత ఎవరైనా చెబుతారు, జరగకముందే జరిగిందని చెప్పడమే అసలైన విశ్వాసం అన్నాడు. పసిపిల్లల మాట దేవుడు తోసిపుచ్చడని చెబుతూ నా వైపు చూశాడు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు లే, లే అని వీపు మీద తట్టారు. తలుపు దగ్గర కూర్చున్న బాపమ్మ చూస్తూనే ఉంది. నేను గౌను సర్దుకుని లేచి, మా బాపు దగ్గు పోయిందనీ, మళ్ళీ మగ్గం మీద కూర్చున్నాడనీ చెప్పాను. చర్చంతా స్తోత్రాలతో, చప్పట్లతో మారుమోగింది. నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట దాచను. అదే సమయానికి ఇంట్లో బాపు గోడకు చేరగిలబడి దగ్గుతున్నాడు.

మర్నాడు పొద్దున మేనమామ రిక్షా తీసుకుని వచ్చాడు. ఆ వెనకే చర్చి నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. "సాక్ష్యం చెప్పినంక దవాఖానకు పోతే ఎట్ల చెల్లె? దేవుని నమ్మనట్టే గదా," అన్నారు అమ్మతో. అమ్మ భయపడింది. తన వల్ల ఆ వచ్చే మేలు కాస్తా ఆగిపోతుందేమోనని భయం. రిక్షాను తిప్పి పంపేసింది. మేనమామ అరిచాడు, బతిమాలాడు, తల పట్టుకున్నాడు. బాపమ్మ గడపలో కూర్చుని అంతా చూసింది, నోరు విప్పలేదు. బుధవారం బాపుకు దగ్గులో రక్తం పడింది. అప్పుడిక ఎవరినీ అడక్కుండా మేనమామ బాపును భుజాన వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. గురువారం మధ్యాహ్నం బాపు చనిపోయాడు.

సమాధుల తోట నుంచి తిరిగి వస్తుంటే ఆ సంఘపెద్ద భార్య నా తల నిమిరింది. "నీ మనసుల యాడనో అనుమానం ఉండుంటది బిడ్డా," అంది. ప్రేమగానే అంది. ఆ ప్రేమ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిజమే, సాక్ష్యం చెబుతున్నప్పుడు నా చెవుల్లో బాపు దగ్గు వినిపిస్తూనే ఉంది. అంటే అనుమానం ఉన్నట్టే కదా! బాపును నేనే చంపుకున్నానని తేల్చేసుకున్నాను. అన్నం ముట్టలేదు, ప్రార్థన మానేశాను. రెండు రోజులు చూసి బాపమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని అడిగింది. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు.

ఆదివారం నా చెయ్యి పట్టుకుని చర్చికి లాక్కుపోయింది. సాక్ష్యాల సమయం రాగానే అందరికంటే ముందు లేచింది.

"పోయిన ఐతారం నా మనుమరాలు ఈడ లేసి, నా కొడుక్కు నయమైందని చెప్పింది. అది అబద్ధం. దాంతోని చెప్పిచ్చింది మీరు. ఈడనే తలుపుకాడ కూసోని నోరు మూసుకున్నది నేను. దవాఖానకు పోకుంట ఆపినప్పుడు గూడ నేను నోరు మూసుకున్న. నా కొడుకు సచ్చిపోయిండు. తప్పు పెద్దోళ్ళది, పిల్లను ఎవ్వలు ఏమనకుండ్రి. ఇదే నా సాక్ష్యం."

ఒక్కరూ స్తోత్రం అనలేదు. బాపమ్మ బయటికి వెళ్ళిపోతుందనుకున్నాను. నేనైతే వెళ్ళిపోవాలనే చూస్తున్నాను. ఆమె ఎప్పుడూ తలుపు దగ్గర కూర్చునే మనిషి. ఆ రోజు నన్ను వెంటబెట్టుకుని అందరినీ దాటుకుంటూ పోయి, అన్నిటికంటే ముందు వరసలో కూర్చుంది. కదలకుండా ప్రసంగం చివరిదాకా విన్నది.

దారిలో నేను ఆగలేకపోయాను. "బాపును సంపిన దేవుని దగ్గరికి మల్లెందుకు పోతానవ్ బాపమ్మా?" అని అడిగాను.

"ఆయన మీద నాకు బగ్గ కోపమున్నది బిడ్డా," అంది. "దూరముండి అడిగితే ఎవలైనా జవాబు చెప్తరా? అందుకే జర దగ్గర కూసుంటాన."

అది ఉత్త మాట కాదు. మర్నాటి నుంచి కండెలు చుడుతూ ఆమె దేవుడితో పోట్లాడింది. తండ్రీ అని మొదలుపెట్టి అనరాని మాటలన్నీ అనేది. ఇంటి మీద పిడుగు పడుతుందని నేను వణికిపోయేదాన్ని. కొన్ని నెలలకు ఆ పోట్లాట మధ్యలోనే నూలు రాలేదని, బాపు బదులు మగ్గం గుంటలో కూర్చుని కోడలి నడుము విరిగిపోతోందని చెప్పడం మొదలైంది. ఆ తర్వాత నాకు జ్వరమొచ్చినా, పొయ్యిలో కట్టెలు తడిసినా ముందు ఆయనకే చెప్పేది. తిడుతూ తిడుతూనే ఆయనకు ఎంత దగ్గరైందంటే, మేము ఆకలితో పడుకున్న రోజుల్లో కూడా ఆమె నిద్రలేచేసరికి ముఖం తేటగా ఉండేది. కొడుకు విషయంలో ఆయన చేసింది మంచే అని మాత్రం చనిపోయేదాకా అనలేదు. అనమని అడిగినవాళ్ళను వాకిట్లోంచే పంపించేసింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు, మంచి పిల్లవాడే, నయమైందని విశ్వాసంతో ఒక సాక్ష్యం చెప్పండమ్మా అన్నాడు. ఇంకా నయం కాలేదు నాయనా, ఆ సంగతే చెబుతాను అన్నాను. లేచి అదే చెప్పాను. తర్వాత మా ఆయన్ను ఆటోలో దవాఖానకు తీసుకుపోయి, అక్కడి బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. ఆయన్ను దేవుడి చేతుల్లోనే పెట్టాను, ఇంకెవరి చేతుల్లో పెట్టను? దేవుడి మీద కోపం ఉంది. ఆయన్ను విడిచి ఉండగలనా అంటే, ఉండలేను.

బాపును ఎందుకు తీసుకుపోయావని ఇవాళ పొద్దున కూడా అడిగాను. జవాబు రాలేదు. రేపు మళ్ళీ అడుగుతాను.