పెట్రోలు మూత తియ్యవద్దన్న మనిషి

ఏలూరులో రైల్వే గేటు పడితే రెండు పక్కలా బళ్లు పోగవుతాయి. ఇప్పటి బళ్లు చాలావరకు బుద్ధిమంతులు, ఒకే గొంతుతో సన్నగా మూలుగుతూ నిలబడతాయి. మొన్న వాటి మధ్య ఒక పాత మోటారు సైకిలు మాత్రం వేరే వరస అందుకుంది. ఎవరూ యాక్సిలేటర్ తిప్పకుండానే గొంతు పెంచుతుంది, అంతలో నీరసపడి గుడగుడమంటుంది, ఇక ఆగిపోయిందనుకునేలోగా మళ్లీ లేస్తుంది. దాని మీదున్న పెద్దమనిషి చుట్టూ అందరివైపూ అనుమానంగా చూస్తున్నాడు, ఎవరో ఏదో చేసినట్టు. ఆ చప్పుడూ తెలుసు నాకు, ఆ చూపూ తెలుసు. ఒకప్పుడు నా ఉద్యోగం ఆ చప్పుడుకే వేలాడింది. అది విన్నప్పుడల్లా మా హెడ్మిస్ట్రెస్ రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు.

ఆవిడది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసుకునే కుటుంబం. "బస్తా మూతి దగ్గర ఎప్పుడూ మంచి కాయే ఉంటుందమ్మా. మోచేతి దాకా చెయ్యి దూర్చి మధ్యలోది తియ్యాలి" అనేవారు. ఆ చెయ్యి బడిలోనూ దూర్చేవారు. జ్వరమని సెలవడిగితే నుదురు ముట్టుకుని చూసేవారు. గడియారం సరిగ్గా ఉందంటే ఇంకో గడియారం తెప్పించేవారు. మా స్టాఫ్‌లో ఆవిడంటే ఎవరికీ పడేది కాదు. నాకు అసలు పడేది కాదు. నేను నోరున్నదాన్ని. ఆవిడతో వాదన పెట్టుకుంటే ఆవిడ వాదించేవారు కాదు, "చూద్దాం" అని ఊరుకునేవారు. వాదించనివాళ్ల మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు.

మండవల్లి అవతల చిన్న ప్రైవేటు బడి మాది. నేను సైన్సు చెప్పేదాన్ని. వేసవి సెలవులలోగా నన్ను ఖాయం చెయ్యడమో, పంపెయ్యడమో తేలాలి. ఏలూరు నుంచి బస్సులో వెళ్తే మొదటి గంట అందదు. మా వారిది వేరే ఊళ్లో ఉద్యోగం, ఆదివారాలకి వచ్చేవారు. ఆయన మోటారు సైకిలు ఇంట్లో ఖాళీగా ఉండేది. నేను తీశాను. మా మామగారు గుళ్లో అర్చకులు. ఊళ్లో ఎవరు కొత్త బండి కొన్నా ఆయన చేతనే పూజ చేయించుకుని, నిమ్మకాయలు తొక్కించి తీసుకెళ్లేవారు. మొదటిరోజు నన్ను చూసి "చీర కట్టుకుని మోటారు సైకిలేమిటమ్మా" అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అనలేదు. ప్రతి శుక్రవారం మాత్రం బండి తుడిచి, తడి పసుపు రాసి, కుంకుమ దిద్దేవారు. ట్యాంకు మూత మీద మరీ శ్రద్ధగా దిద్దేవారు.

బండి తిప్పలు పెట్టడం మొదలుపెట్టింది. ఏలూరు దాటేదాకా బాగానే ఉండేది. కొల్లేటి మధ్య రోడ్డెక్కాక, గేదెలు అడ్డొచ్చి ఎక్కడ ఆపినా ఇంజను తనంతట తనే పెరగడం, తగ్గడం, చివరికి చావడం. దిగి, మూత తీసి పెట్రోలు చూసుకుని, మళ్లీ కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు లేచేది. మళ్లీ కొంత దూరం వెళ్లాక అదే కథ. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను ముందు మూత తీసి, ట్యాంకు ఊపి చూసి, కిక్కు కొట్టేవాడు.

"ఏమీ లేదండి మేడం గారు. బండి గుర్రంలా ఉంది."

"గుర్రమేనండి. మీ షాపు దగ్గర నిలబడుతుంది, కొల్లేట్లో పడుకుంటుంది."

"చోక్ తియ్యడం మర్చిపోతున్నారేమోనండి. ఆడవాళ్లు మామూలుగా..."

"ఆ, ఆడవాళ్లు మామూలుగా? పూర్తి చెయ్యండి, వింటాను."

అతను పానా అందుకున్నాడు. ప్లగ్గు మార్చాడు, కార్బొరేటర్ కడిగాడు, చివరికి స్క్రూ తిప్పి ఇంజను గొంతు పెంచి పంపాడు. రోగికి మందివ్వకుండా గట్టిగా మూలగమని చెప్పినట్టయింది. మంచి కార్బొరేటర్ దాచేసి పాతది బిగించాడని నా అనుమానం. బంకులో పెట్రోలు కల్తీ అని ఇంకో అనుమానం. రెండు చోట్లా అనేశాను కూడా. బడిలో మాత్రం అందరి అనుమానం నా మీదే. "మోటారు సైకిలు సోకు, పొద్దున్నే లేవడానికి బద్ధకం" అని మా కరస్పాండెంట్ అన్నారట. బడి ఆయనది, మాటా ఆయనదే.

మళ్లీ ఆలస్యమైన రోజున రాజ్యలక్ష్మి గారు పిలిచారు.

"బండి ఆగిందంటున్నారు. నేను నమ్మడం లేదు" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా చెయ్యెత్తి ఆపారు. "మీరు అబద్ధం చెప్తున్నారని కూడా నమ్మడం లేదమ్మా. రేపు మీ వెనకాల కూర్చుని వస్తాను."

ఆవిడ కాపురమూ ఏలూరులోనే. మర్నాడు పొద్దున్న ఒళ్లో క్యారేజీ పెట్టుకుని, పక్కకి తిరిగి కూర్చున్నారు. చేపల చెరువుల మీదుగా నీచు వాసన, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ల మీద గూడబాతులు. జీవితంలో మొదటిసారి ఆ బండి ఆగిపోవాలని మొక్కుకున్నాను. ఆగకపోతే నేను అబద్ధాలకోరును. ఒక లారీకి దారివ్వడానికి ఆపాను. ఇంజను పెరిగింది, తగ్గింది, పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆగినప్పుడు మొదట ఏం చేస్తారు?" అన్నారు ఆవిడ, దిగుతూ.

"పెట్రోలుందో లేదో చూస్తానండి."

"ఆ మెకానిక్కో?"

"అతనూ అదే చేస్తాడు."

"అయితే ఇవాళ మూత తియ్యకండి."

"తియ్యకపోతే ఎలా తెలుస్తుందండీ?"

"తీస్తూ ఇన్నాళ్లూ ఏం తెలిసింది?"

కాలు నొప్పి పుట్టేదాకా కిక్కు కొట్టాను. లేవలేదు. సైకిలు మీద పోతున్న రైతు ఒకాయన జాలిపడి, "పెట్రోలు అయిపోయిందేమో చూడండమ్మా" అన్నాడు. "మీరు వెళ్లండి బాబూ, చూడకూడదనే నిలబడ్డాం" అన్నారు రాజ్యలక్ష్మి గారు. అతను వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు.

"ఇప్పుడు తియ్యండి" అన్నారు. మూత తిప్పగానే ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చింది. ఒక్క కిక్కుకే ఇంజను లేచింది. అప్పుడు వెలిగింది నాకు. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతకి సన్నటి చిల్లు ఉంటుంది. మూత తిరగేసి చూస్తే ఆ చిల్లు నిండా గట్టిపడిన పసుపు. పిన్నీసుతో గీకితే పెచ్చులుగా రాలింది.

నేను బండెక్కబోయాను. ఆవిడ ఎక్కలేదు. క్యారేజీ విప్పి, ఒక అన్నం మెతుకు తీసి, వేళ్లతో మెత్తగా నలిపి ఆ చిల్లు మళ్లీ మూసేశారు.

"ఇదేమిటండీ?"

"ఒక్కసారికే నమ్మితే ఎలాగమ్మా? మూస్తే మళ్లీ ఆగాలి కదా."

కైకలూరు దగ్గర మళ్లీ ఆగింది. మెతుకు తీస్తే బడిదాకా ఆగలేదు. మొదటి గంట ఎప్పుడో అయిపోయింది. కరస్పాండెంట్ గారు వరండాలోనే నిలబడి ఉన్నారు.

"నేను వెనకాల కూర్చుని వచ్చానండి" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "బండి రెండుసార్లు ఆగింది. రెండోసారి నేనే ఆపాను." ఆయన తలూపి లోపలికి నడిచారు. ఆవిడ ఎవరినీ వెనకేసుకురాగా ఆయన ఎప్పుడూ చూడలేదు. నా ఉద్యోగం ఆ రెండు మాటలతో నిలబడింది.

ఆయన వెళ్లాక, "నన్ను కాపాడడానికే వచ్చారు కదండీ" అన్నాను, కాస్త మెత్తబడి.

"కాదు. పట్టుకోవడానికే వచ్చాను. ముందే మీ పక్షమైతే నా మాట ఆయన వినేవాడా?"

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? నా బుర్ర అప్పటికే ఇంకో దోషిని పట్టేసింది. "మా మామగారు కావాలనే చేస్తున్నారండీ. నేను ఉద్యోగం మానెయ్యాలని."

"చూశారా?"

"చూడక్కర్లేదండి. ఎన్ని బళ్లకి పూజ చేశారో. చిల్లు సంగతి ఆయనకి తెలియదా?"

"మెకానిక్ కార్బొరేటర్ మార్చేశాడని కూడా ఇలాగే అన్నారు కదమ్మా." క్యారేజీ బల్ల మీద పెట్టారు. "ఇంటికెళ్లి అరవకండి. అరిస్తే తప్పు చేసినవాడూ, చెయ్యనివాడూ ఒకలాగే మొహం పెడతారు. మీకేం తెలుస్తుంది? చిల్లు ఉందని చెప్పి, శుక్రవారం దాకా ఊరుకోండి."

ఊరుకోవడం నాకెంత కష్టమో మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ సాయంత్రం మామగారికి చిల్లు చూపించాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"ని శుక్రవారం వచ్చేదాకా అటూ ఇటూ తిప్పి చూశాను. కోపమా, సిగ్గా, దొరికిపోయిన బెదురా? కూరలో ఉప్పు ఎక్కువైందన్నా అందులో ఏదో ఉందనిపించేది.

శుక్రవారం వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆయన తడిగుడ్డతో ట్యాంకు తుడిచారు. పసుపు ముంచిన వేలు అలవాటు కొద్దీ మూత మీదికి వెళ్లి ఆగింది. వెనక్కి తీసుకుని, ముందు చక్రం మీది మడ్‌గార్డుకి రాసి, కుంకుమ అక్కడే పెట్టారు. తర్వాత చీపురుపుల్ల తెచ్చి, కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఆ చిల్లు శుభ్రం చేశారు.

"అమ్మాయ్, ఒకసారి స్టార్టు చెయ్యి."

చేశాను. తల వంచి చాలాసేపు విన్నారు. ఇంజను ఒకే గొంతుతో నడుస్తోంది.

"ఇంక దారిలో ఆగదు కదా?"

"ఆగదండీ."

"ఆ కొల్లేటి రోడ్డంటే నాకు భయమమ్మా. అటూ ఇటూ నీళ్లే. అందుకని కాస్త దట్టంగా పెట్టేవాణ్ణి" అని చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లారు.

నేను అనబోయిన మాటలన్నీ వరసగా సిద్ధం చేసుకుని ఉన్నాను. వాటిని వదిలేసి, ఆయనకి తువ్వాలు తీసుకెళ్లి ఇచ్చాను. నేను ఆయన్ని అనుమానించానని ఆయనకి చివరిదాకా తెలియదు. రాజ్యలక్ష్మి గారు రిటైరయి తాడేపల్లిగూడెం వెళ్లిపోయి, ఆ తర్వాత కొన్నాళ్లకి పోయారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

నా నోరు తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి, తగ్గలేదు. అనుమానమూ తగ్గలేదు. కాని అనుమానం పుట్టాక, మాట బయటికి వచ్చేలోగా ఒక వారం గడువు ఇస్తాను. ఆ వారంలో కొందరు దొరికిపోయారు. వాళ్లని వదిలిపెట్టలేదు. ఎక్కువమంది మాత్రం నిర్దోషులుగా తేలారు. వాళ్లు ఇప్పటికీ మా ఇంటికొచ్చి కాఫీ తాగి, నవ్వుతూ వెళ్తుంటారు, తమ మీద ఎప్పుడో నేరం మోపి విచారణ జరిపానని తెలియకుండా.