తురుష్కుల వేళ

వినుకొండ మస్తాన్ వలి గారు విదేశంలో, నోవై అనే ఊళ్లో కారు తలుపుల మడతబందులు డిజైన్ చేసి జీతం తెచ్చుకునేవారు. అయితే ఆయన అసలు ఉద్యోగం వేరు. ఇస్లాం చరిత్రలో తురుష్కులకు రావలసిన గౌరవం వచ్చేలా చూడటం. ఎవరూ అప్పగించలేదు, ఆయనే తలకెత్తుకున్నారు.

"బాగ్దాదులో ఖలీఫా దిక్కులేక కూర్చుంటే ఆదుకున్నదెవరు? సెల్జూకు తురుష్కులు. మంగోలుల్ని ఈజిప్టు గడప తొక్కనీయనిదెవరు? సంతలో కొనితెచ్చిన తురుష్క బానిసలు. ఢిల్లీ గద్దెనెక్కి మన తాతలకు హనఫీ పద్ధతి అందించిందెవరు?"

"తురుష్కులేనండీ. అన్నం చల్లారిపోతోంది," అనేది భార్య కాశింబీ.

సున్నీల నాలుగు ధర్మపద్ధతుల్లో ఒకటైన ఆ హనఫీలో సాయంత్రపు అసర్ నమాజు కాస్త ఆలస్యం. మసీదులో తక్కినవాళ్లంతా ముందే చదివేసి వెళ్లిపోతారు; ఎండాకాలంలో గంటకు పైగా తేడా. శనివారాలు ఆ ఖాళీ హాల్లో ఇద్దరే నిలబడేవారు. ఈయన, నజ్మీ అనే ముసలి టైలరు. నజ్మీ సాక్షాత్తు టర్కీ నుంచి వచ్చిన తురుష్కుడు. మస్తాన్ వలి గారు ఆయనకే ఆయన పూర్వుల చరిత్ర బోధించేవారు, చేపకు ఈత నేర్పినంత శ్రద్ధగా.

"ఈ వేళను మీవాళ్లు గుర్రాల మీద మోసుకొచ్చి మాకిచ్చారు నజ్మీ భాయ్. మనం వదలకూడదు."

"వదలం, హోజమ్," అనేవారు నజ్మీ. హోజమ్ అంటే వాళ్ల భాషలో అయ్యవారు. "మా స్కూల్లో ఇంత చెప్పలేదు. మీ ప్యాంటు మళ్లీ లూజైంది, షాపుకి తెచ్చివ్వండి."

2011 జూన్‌లో నజ్మీ గుండె ఆగిపోయింది. కొడుకు కెమాల్ మెసేజ్ పెట్టాడు: అసర్ తర్వాత జనాజా నమాజు. మనిషిని సాగనంపే ఆఖరి నమాజు అది.

"ముందే వెళ్దామండీ," అంది కాశింబీ.

"తురుష్కుడే ఆయన. తన వేళకే వెళ్తాడు." ఫోను కట్టేసి, స్నేహితుడి కోసం ఖురాను చదువుతూ కూర్చున్నారు.

మసీదు పార్కింగ్ ఖాళీగా ఉంది. కబరస్తాన్‌కి చేరేసరికి మట్టి కప్పేశారు.

"చాలాసార్లు కాల్ చేశాను అంకుల్," అన్నాడు కెమాల్. "నా పక్కన మీకు చోటు ఉంచాను. ఇమామ్ గారు ఇంక ఆగలేమన్నారు."

"మీ నాన్న వేళ ఇంకా కాలేదు కదా బాబూ?"

"నాన్న వేళ అదే అంకుల్. టర్కీలో హనఫీలు కూడా ముందు వేళకే చదువుతారు. మీరొక్కరే అయిపోతారని ఆయన ఆగేవారు. మీకు చెప్పొద్దన్నారు."

కుర్ర ఇమామ్ దగ్గరికొచ్చి, "మీరు సమాధి దగ్గర ఇప్పుడైనా చదవొచ్చు. మా పద్ధతిలో తప్పులేదు," అన్నారు.

హనఫీ పద్ధతిలో తప్పు. కొడుకు ఒకసారి చదివాక ఇంకెవరూ తిరిగి చదవకూడదు. ఆ సంగతి అక్కడ అందరికంటే మస్తాన్ వలి గారికే బాగా తెలుసు. నమాజు మొదలుపెట్టబోయినట్టు చేతులు చెవుల దాకా లేచి దిగిపోయాయి. వంగి పిడికెడు మట్టి వేసి, దువా చేసి, కారు దగ్గరికి వచ్చారు.

"చదివారా?" అంది కాశింబీ.

"కుదరదే."

కెమాల్ చెప్పిన సంగతి ఆమెకు చెప్పారు. స్టీరింగ్ ముందున్న ఆమె కారు స్టార్ట్ చేయలేదు.

"ఆయన ఒక్క మాట చెప్పుంటే ముందే వచ్చేవాణ్ణి కదే," అన్నారు.

"వచ్చేవారా?"

మస్తాన్ వలి గారు వేళ్లకంటిన మట్టి దులుపుకున్నారు.

"ఏమో," అన్నారు.